నరకంలో తొమాసవ్వ చోటు

ఉర్పిమార్కా చర్చిలో తలుపు పక్కనున్న గోడంతా తుది తీర్పు పటమే. ఎనిమిది మంది చేయి వేస్తే కానీ కదలదు. పైన ఇంద్రధనుస్సు మీద ప్రభువు కూర్చుని ఉంటాడు. నడుమ మిఖాయేలు దూత ఈకల టోపీ పెట్టుకుని, జరీ పట్టీల బూట్లు తొడుక్కుని, త్రాసు పట్టుకుని నిలబడి ఉంటాడు. ప్రభువు కుడిచేతి వైపు మోక్షం, ఎడమచేతి వైపు నరకం. మోక్షంలో జనం బాగానే ఉన్నారు కానీ అందరివీ ఉడకబెట్టిన బంగాళాదుంప మొహాలే. ఎవరెవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. నరకం అలా కాదు. అక్కడ ఏ మొహం తీరు దానిదే.

దానికో కారణం చెబుతారు. కుస్కో పట్నం నుంచి కంచరగాడిద మీద వచ్చిన చిత్రకారుడు ఎనిమిది నెలలు ఆ ఊళ్ళోనే ఉండి పటం వేశాడట. తనకు కడుపునిండా పెట్టిన వాళ్ళందరినీ మోక్షంలో వేశాడు. అయితే కడుపు నిండినవాడికి కునుకు రాక మానుతుందా? ఆవలిస్తూ వేసిన మొహాలు అలాగే ఉంటాయి. తనతో తగాదా పడినవాళ్ళనేమో ఆకలి మీద, కళ్ళు ఇంతింత చేసుకుని, పుట్టుమచ్చలతో సహా నరకంలో దించాడు. మూడువందల ఏళ్ళయినా ఊళ్ళోవాళ్ళు ముక్కులను బట్టి, చెవులను బట్టి తమ తమ ముత్తాతలను ఇప్పటికీ గుర్తుపడుతున్నారు.

అందుకని ఉర్పిమార్కాలో పరువంటే నరకంలో చుట్టం ఉండడమే. కాగే కొప్పెరలో చెవిన కలం పెట్టుకుని ఉడుకుతున్న గుమాస్తా వామన్ల ఇంటివాడు. కాబట్టి ఊరి అర్జీలు రాసే హక్కు వామన్ల ఇంటిది. వెనుక నుంచి దయ్యం పిల్లనగ్రోవి ఊదుతుంటే చెవులు మూసుకున్న బక్కవాడు అపసాల ఇంటివాడు. కాబట్టి బ్యాండు మేళంలో ముందు నడిచేది అపసాలే. ఇదేం లెక్క అని పరాయివాళ్ళు అడిగితే పెద్దలు విసుక్కునేవారు. తన తాత ఉడుకుతుండగా ప్రతి ఆదివారం చూసేవాడు మళ్ళీ ఆ తప్పు చేస్తాడా? పటంలో లేనివాడికి ఏం భయం? ఫాదర్‌గారు రెండు నెలలకోసారి పూజ చెప్పడానికి వచ్చి మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోతారు కాబట్టి, స్వర్గ నరకాల వ్యవహారం ఊరివాళ్ళే చూసుకునేవారు.

ఇక తొమాసవ్వ. నరకం నోరు అక్కడ పెద్ద చేప నోరులా తెరుచుకుని ఉంటుంది. సరిగ్గా దాని పెదవి మీద, త్రాసు కింద ఆమె నిలబడి ఉంటుంది. అందరిలాగే ఒంటి మీద నూలుపోగు లేదు. తల మీద టోపీ మాత్రం ఉంది. చేతిలో చిచా కూజా, అంటే మొక్కజొన్న కల్లు కూజా. నెత్తి పైన గడకు కట్టిన ఎర్రగుడ్డ. పక్కన రెక్కలవాడొకడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చిచాలో నీళ్ళు కలిపిన పాపానికి పోయిందని ఊరంతటికీ తెలుసు. ఆ కారణంగానే ఏటా ఊరి పునీతుడు సాన్ బర్తొలొమే పండుగ నాలుగు రోజులూ ఊరికి చిచా పోసే హక్కు ఆమె ఇంటిది. ఇప్పుడా ఇంటికి పెద్ద ఎర్మెలిందా.

ఎర్మెలిందాకు అరవై ఒకటి. కాళ్ళు నొప్పులు, నోరు బాగానే ఉంది. వాకిట్లో గడకు ఎర్రగుడ్డ కట్టిందంటే చిచా సిద్ధమైందని అర్థం. ఆ గుడ్డ ఎగిరితే పై ఊళ్ళ నుంచి కూడా మనుషులు దిగివచ్చేవారు. మొక్కజొన్న మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, కాచి, పులియబెట్టి, పండుగకు అయిదు బానలు నింపడం ఆమె వ్రతం. ఈ ఏడు వడగళ్ళు పడి సగం పంట నేలకు అంటుకుపోయింది. నాలుగు బానలు ఎప్పటిలాగే చిక్కగా నిండాయి. అయిదోది సగానికే ఆగింది.

మంగళవారం నాడు ఎర్మెలిందా ఆ అయిదో బాన చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఊరికి నాలుగే పోస్తే, పోటీగా చిచా అమ్మే బసీలియా నోటికి పండుగ. "పటంలోకి ఎక్కినవాళ్ళ చెయ్యి ఎండిపోయిందమ్మా" అని పైవీధి నుంచి కిందివీధి దాకా చాటుతుంది. ఎర్మెలిందా అటూ ఇటూ చూసి, కాలవకు పోయి, రెండు కడవల నీళ్ళు తెచ్చి బానలో పోసేసింది. తొమాసవ్వ తర్వాత ఇన్ని తరాల్లో ఇదే మొదటిసారి. ఆమెకు తెలిసినంత వరకు.

ఆ రోజు నుంచి చర్చిలోకి వెళ్ళేటప్పుడు టోపీ పటం ఉన్న వైపుకు వంచుకుని నడిచింది. తొమాసవ్వ కళ్ళలో కళ్ళు పెట్టి చూసే ధైర్యం లేదు.

ఆ కళ్ళు కూడా ఈ మధ్యనే మెరుస్తున్నాయి. సాంస్కృతిక శాఖ పంపిన నిల్దా అనే అమ్మాయి మూడు వారాలుగా నిచ్చెన ఎక్కి కొవ్వొత్తుల మసి తుడుస్తోంది. పుల్లకు దూది చుట్టి, నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడిపి, వేలెడంత చోటు చొప్పున తుడవడం ఆమె పని. "ఇంత చదువు చదివి ఉమ్మితో తుడవడమా తల్లీ!" అని ఊరి ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "ఉమ్మిని మించిన మందు ఇంకా కనిపెట్టలేదు అత్తా" అంది నిల్దా. రోజంతా ఉమ్మితే గొంతు ఎండదా మరి? సాయంత్రం కాగానే ఎర్మెలిందా ఇంటి ముందు బల్ల మీద చేరి, ఉడికించిన చిక్కుడు గింజలు జున్నుముక్కతో నంజుకుంటూ పెద్ద గ్లాసుడు తాగేది.

పండుగకు ముందు రోజు ఉదయం డాక్టర్ ఎలియొదోరో వచ్చాడు. సూది వేసే డాక్టరు కాదు. పటాలను చదివే డాక్టరు. మెడకు పట్టు రుమాలు, చేతిలో చిన్న దీపపు పుల్ల. అది నొక్కితే గోడ మీద పచ్చటి చుక్క పడుతుంది. పటం పక్కన శాశ్వతంగా బిగించే పలక మీద ఏం రాయాలో తేల్చడానికి శాఖ ఆయన్ను పంపింది. ఊరి పెద్ద సిప్రియానో వెండి పొన్నులు తొడిగిన కర్ర పట్టుకుని, ఊరంతటినీ చర్చిలో కూర్చోబెట్టాడు.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "సోదరులారా, పటాన్ని చూడడం వేరు, చదవడం వేరు. మూడువందల ఏళ్ళుగా మీరు దీన్ని చూస్తున్నారు. ఇవాళ చదువుదాం."

"మాకు చదువు రాదుగా బాబూ, అందుకే చూస్తున్నాం" అన్నాడు వెనుక నుంచి అపసాల వాయిద్యగాడు. సిప్రియానో కర్ర నేలకేసి కొట్టాడు.

పచ్చచుక్క ప్రభువు చేతి మీద వాలింది. "ఇక్కణ్ణుంచి ఏటవాలుగా ఒక గీత దిగుతుంది. చూడండి. దూత ఈటె, త్రాసు కొన, చివరికి ఈ స్త్రీ చేతిలోని పాత్ర. అన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. పటంలో సగం చీకటి, కానీ పైనుంచి పడే వెలుగు ఎక్కడ ఆగింది? ఈమె మీద. నరకంలో పడేవాళ్ళ మీద వెలుగు పడదు. ఈమె పడడం లేదు. లేస్తోంది!"

జనం తొమాసవ్వను ఎగాదిగా చూశారు. అవ్వ ఎక్కడికీ లేస్తున్నట్టు కనబడలేదు.

"ఇక చిహ్నాలు" అంటూ డాక్టరు ఊపందుకున్నాడు. "చేతిలో ఉన్నది ఏ పాత్ర? అత్తరు బుడ్డి. ప్రభువు పాదాలకు పూసిన అత్తరు. నెత్తిన ఉన్నది ఎర్రగుడ్డ అనుకుంటున్నారు, అది పునరుత్థాన పతాకం. భుజం మీద చెయ్యి వేసినవాడు దయ్యం కాదు, కాపాడే దూత. ఇక ఈ టోపీ..." అని ఒక్క క్షణం ఊరించాడు. "ఇది టోపీ కాదు. కాంతివలయం. బంగారు రేకు నల్లబడింది, అంతే. ఈమె మగ్దలేనే మరియ. పశ్చాత్తాపపడి మోక్షానికి లేచిన పుణ్యవతి. మీరు ఇన్నాళ్ళూ ఒక పునీతురాలిని నీళ్ళచిచా కేసులో ఇరికించారు!"

చర్చిలో గుసగుసలు. అందరి తలలూ ఒక్కసారిగా ఎర్మెలిందా టోపీ వైపు తిరిగాయి. పటంలోని కాంతివలయానికీ దానికీ అల్లికలో కూడా తేడా లేదు.

మొదట ఎర్మెలిందా గుండెల మీద నుంచి పెద్ద బండ దింపినట్టయింది. అవ్వ పుణ్యవతి! అయితే ఇంట్లో పాపమే లేదు. పాపమే లేకపోతే ఆ రెండు కడవలకు పైనుంచి కళ్ళురిమి చూసేవాళ్ళూ లేరు. మూడు రోజుల తర్వాత మొదటిసారి టోపీ సర్దుకుని తలెత్తింది.

అంతలో ముందు వరుసలో చప్పట్లు మోగాయి. బసీలియా.

బసీలియా ముక్కు ఊరికంతటికీ గుర్తు. చిలక ముక్కులా వంగి, ఆమె కంటే ఒక అడుగు ముందు నడుస్తుంది. ఇంటి ముందు ఆమె కూడా గడ పాతి గుడ్డ కట్టింది కానీ, చక్కెర వేసి, రొట్టెల పులిసిన పిండి కలిపి రెండు రోజుల్లో పొంగించే రకం. ఎర్మెలిందా కూతురికి బసీలియా, బసీలియా కొడుక్కి ఎర్మెలిందా జ్ఞానతల్లులుగా నిలబడ్డారు. కాబట్టి దైవసాక్షిగా ఒకరినొకరు కొమాద్రే అనే పిలుచుకోవాలి. తిట్టుకునేటప్పుడు కూడా.

"ఎంత బాగా చెప్పారు డాక్టర్‌గారూ!" అని బసీలియా లేచి నిలబడింది. "కొమాద్రే, నీకు శుభం. మీ అవ్వ మోక్షానికి పోయింది. ఇంతకంటే ఏం కావాలి? తాయ్తా సిప్రియానో, ఊరికి తండ్రివి నువ్వు, తొమాసవ్వ నరకంలో లేకపోతే వాళ్ళ ఇల్లు పటంలో లేనట్టే కదా? అంటే చిచా హక్కు ఖాళీ అయినట్టే కదా? ఊరికే అడుగుతున్నా. నా దగ్గర ఆరు బానలు ఉన్నాయి."

దింపిన బండ తిరిగి వచ్చి ఎర్మెలిందా కాలి మీద పడింది. హక్కు పోతే రేపటి నుంచి తన ఇల్లు ఏమిటి? నాలుగు గోడలు, ఒక గడ. అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ, అందరూ పండుగ నాడు మొదటి గ్లాసు చేత్తో ఎత్తి ఊరికి ఇచ్చినవాళ్ళు. తనతో ఆగిపోతుందా? అదీ ఆ రొట్టెపిండి చిచా చేతుల్లోకి?

సిప్రియానో గడ్డం గోక్కున్నాడు. "న్యాయంగా చూస్తే... మోక్షంలో ఉన్నవాళ్ళకు ఊళ్ళో హక్కులు లేవు. అది మన ఆచారం."

ఎర్మెలిందా మోకాళ్ళు పట్టుకుని లేచింది. "మా అవ్వ ఎక్కడికీ పోలేదు. నరకంలోనే ఉంది. మూడువందల ఏళ్ళుగా మర్యాదగా ఒకే చోట నిలబడిన మనిషిని ఇవాళ వచ్చి లేపేస్తారా?"

"అమ్మా, మీ పూర్వీకురాలికి నేను మోక్షం ఇస్తున్నాను" అన్నాడు డాక్టరు, తనకేదో అన్యాయం జరిగినట్టు.

"ఎవరడిగారు బాబూ? మోక్షంలో మా చుట్టాలెవరూ లేరు. ఆ బంగాళాదుంపల మధ్య ఆమెకు ఏం తోస్తుంది?" ఎర్మెలిందా పటం దగ్గరికి నడిచింది. "వెలుగు మా అవ్వ మీద పడిందన్నారు. సరిగ్గా చూడండి. అవ్వ మొహం మీద పడిందా, కూజా మీద పడిందా?"

నిల్దా నిచ్చెన మీద నుంచి వంగి చూసింది. "కూజా మీదే అత్తా."

"అదీ సంగతి. చిచా దుకాణంలో దీపం కూజా దగ్గరే పెడతారు. ఎంత పోశామో తాగేవాడికి తెలియాలిగా. ఇంకోటి. మోక్షానికి లేచేవాళ్ళు పైకి చూస్తారు. మా అవ్వ ఎటు చూస్తోంది? నేరుగా మన వైపు. ఎందుకంటే మనం గ్లాసు చాపి నిలబడ్డాం. అసలు మోక్షానికి పోయేదైతే కూజా ఎందుకండీ? అక్కడ తాగేవాళ్ళు ఉన్నారా?"

జనం గొల్లుమన్నారు. డాక్టరు కూడా ఏదో రాసుకోబోయి, మానేశాడు. "ఇది జానపద పఠనం. ముచ్చటగా ఉంది. కానీ భుజం మీద ఆ చెయ్యి చూడండి. ఎంత ఆప్యాయత! దయ్యం చెయ్యి ఇలా ఉంటుందా?"

"చెయ్యి చూసి ఎవడేమిటో చెప్పలేం బాబూ. నాకు పెళ్ళి చేసుకున్ననాడే తెలిసింది" అంది ఎర్మెలిందా. "కాళ్ళు చూపించండి."

కాళ్ళు లేవు. ఆ రెక్కలవాడు మోకాళ్ళ దగ్గర ఆగిపోయి ఉన్నాడు. కింద కొయ్య చట్రం అడ్డంగా ఉంది.

"మా అమ్మమ్మ చెప్పేది" అంది ఎర్మెలిందా. "ఆమె చిన్నప్పుడు ఈ చట్రం లేదు. వాడివి కోడికాళ్ళు. పిల్లలు ఏడిస్తే ఆ కాళ్ళు చూపించి బెదిరించేవారు. తర్వాత గోడ చెమ్మకు అంచు కుళ్ళిపోతోందని వడ్రంగిని పిలిపిస్తే, వాడు కొలత తప్పి చట్రం పొట్టిగా చేశాడు. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని, మిగిలిన పటం గుడ్డను వెనక్కి మడిచి మేకులు కొట్టేశాడు. విప్పి చూడండి. బూట్లు ఉంటే దూత, అవ్వను తీసుకుపొమ్మనండి. కోడికాళ్ళుంటే దయ్యం, మా అవ్వ మాదే."

అలా అనేసింది కానీ, అమ్మమ్మ ఎంత కథలమారిదో గుర్తుకొచ్చి ఎర్మెలిందా నాలుక కరుచుకుంది. టిటికాకా సరస్సులో చేప తనతో స్పానిష్‌లో మాట్లాడిందని చెప్పిన మనిషి ఆవిడ.

డాక్టరు నిల్దా వైపు చూశాడు. నిల్దా ఏ అనుమతి కాగితమూ అడగలేదు. మూడు వారాల చిచా ఆమె వేళ్ళలో ఉంది. పైనుంచి ఎనిమిది మంది పటాన్ని దింపి బల్లల మీద పడుకోబెట్టారు. మేకులు ఒక్కొక్కటే ఊడుతుంటే ఊరంతా మెడలు చాచింది. చట్రం పక్కకు వచ్చింది. మడత పెళపెళమంటూ విచ్చుకుంది, ఒక జానెడు. అమ్మమ్మల కాలంనాటి దుమ్ము లేచింది. నిల్దా పుల్ల నోట్లో పెట్టుకుని తడిపి తుడవడం మొదలుపెట్టింది.

ముందు పసుపు పచ్చటి పొలుసులు కనిపించాయి. తర్వాత మూడు వేళ్ళు. తర్వాత వెనుక ముల్లు, అంగుళమున్నర పొడవు.

"కోడికాళ్ళు!" అని అపసాలవాడు అరిచాడు. వాద్యం చేతిలో ఉన్నట్టయితే అప్పుడే వాయించేసేవాడు.

ఎర్మెలిందా కళ్ళు మూసుకుని సిలువ గుర్తు వేసుకుంది. ఆ క్షణంలో అమ్మమ్మ చేప మాటలు కూడా నమ్మేసింది.

డాక్టరు మొహం మాడింది కానీ, చదువు అంత తేలిగ్గా వదలదు. "తొందరపడకండి. దూత ఒక కోడిపుంజు మీద నిలబడి ఉండవచ్చు. కోడి పశ్చాత్తాపానికి చిహ్నం. పేతురు కథలో..."

"కోడి మీద నిలబడితే కోడి ఏదీ బాబూ? కాళ్ళే ఉన్నాయి" అంది ఎర్మెలిందా.

"ఇంకా ఉంది, ఆగండి" అంది నిల్దా. కింద అంచు దగ్గర మరో చోట తుడుస్తోంది. అక్కడ మంటల్లో గొంతు దాకా మునిగిన ఇంకో ఆడమనిషి బయటపడింది. ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత ముక్కు.

ఆ ముక్కు బయటపడగానే చర్చిలో ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. చిలక ముక్కులా వంగి, మంటల్లో కూడా మనిషి కంటే ఒక అడుగు ముందు ఉంది.

బసీలియా పదిమందిని తోసుకుని ముందుకొచ్చింది. వేలితో తన ముక్కు తడుముకుంది. మరుక్షణం ఆమె గొంతు పైకప్పుకు తగిలింది. "మా అవ్వ! మా అవ్వే! అమ్మలారా, చూశారా, మేము కూడా పటంలో ఉన్నాం! తొమాసవ్వ ఒడ్డునే ఉంది, మా అవ్వ గొంతు దాకా మునిగింది! ఎవరిది పెద్ద పాపం? ఎవరి హక్కు ముందు?"

కాసేపటి కింద ఆ నోటితోనే తొమాసవ్వను మోక్షానికి పంపించింది. అదేమంటే ఏదో ఒకటి చెప్పేదే, కానీ ఎవరూ అడగలేదు. అందరూ ముక్కులు పోల్చి చూసే పనిలో ఉన్నారు.

ఎర్మెలిందా మాత్రం ముక్కు చూడలేదు. ఇంకా మసి కింద ఉన్న చెయ్యి చూస్తోంది. "నిల్దా, అక్కడ కూడా కాస్త ఉమ్ము తల్లీ."

నిల్దా తుడిచింది. చెయ్యి మంటల్లో నుంచి పైకి లేచి ఉంది. చేతిలో చెంబు. చెంబులో నుంచి నీలంగా, సన్నగా ధార తొమాసవ్వ కూజాలోకి పడుతోంది. ఇంతకాలం కూజా అంచున నీలం మరక అనుకున్నది ఆ ధార కొన.

"కొమాద్రే" అంది ఎర్మెలిందా, నోట్లో వెన్న పెట్టుకున్నంత మెత్తగా. "నేను ఒప్పుకుంటున్నా. ముమ్మాటికీ మీ అవ్వే. ముక్కుతో సహా. ఆ చెంబులో ఏముందో నువ్వే చెప్పు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. బసీలియా గడ్డం ఎగరేసింది. "నీళ్ళు. అయితే ఏం? మంచి నీళ్ళే అయి ఉంటాయి. మాది ఊట దగ్గరి ఇల్లు."

అప్పుడు డాక్టర్ ఎలియొదోరో దీపపుపుల్ల మళ్ళీ వెలిగించాడు. పోయిన ప్రాణం లేచి వచ్చినట్టుంది ఆయనకు. "చూశారా! నీళ్ళు పోసింది ఈమె. అంటే పైనున్న స్త్రీ అమాయకురాలు! మోసపోయిన మనిషి! నేను చెప్పిందే నిజం, ఆమె పాపాత్మురాలు కాదు..."

"ఎందుకు కాదు?" అని ఎర్మెలిందా ఒంటికాలి మీద లేచింది. "కూజా ఎటు వంచి పట్టుకుందో చూడండి. ధార వైపు! నీళ్ళు పక్కకు పోకుండా రెండో చేత్తో మూతి సవరించి మరీ పట్టుకుంది. తెలియని మనిషి అలా పట్టుకుంటుందా? తెలిసే చేసింది. అటూ ఇటూ చూసింది, ఎవరూ లేరనుకుంది, పోయించుకుంది. పండుగకు తక్కువ పడితే ఊళ్ళో మాట పడాలని భయం. మా ఇల్లు నీళ్ళు కలిపింది. రాసుకోండి. మా ఇల్లే కలిపింది!"

మూడువందల ఏళ్ళనాటి పాపాన్ని ఇంత వేడిగా ఒప్పుకోవడం ఎవరూ చూసి ఉండరు. ఎర్మెలిందా చెంపలు కాలుతున్నాయి. బల్ల మీద పడుకున్న తొమాసవ్వ కింది నుంచి ఆమెనే చూస్తోంది.

సిప్రియానో కర్ర లేపాడు. "విన్నాను. ఇద్దరూ నరకంలోనే ఉన్నారు, ఇద్దరూ దొంగలే. ఇక తగువెందుకు? వచ్చే ఏటి నుంచి చిచా కాచే నీళ్ళు బసీలియా ఇంటి నుంచి, వంట ఎర్మెలిందా ఇంట్లో. ఈ ఏటికి ఉన్న బానలు ఎర్మెలిందావి. బసీలియా పక్కన నిలబడి పోస్తుంది. ఒకళ్ళ మీద ఒకళ్ళ కన్ను ఉంటుంది. వేరే దయ్యం అక్కర్లేదు."

"తాయ్తా, నా ఆరు బానలో?" అంది బసీలియా.

"మీ ఇంటి పందులు కూడా పండుగ చేసుకోవాలిగా" అన్నాడు సిప్రియానో.

మర్నాడు బ్యాండు మోత మధ్య సాన్ బర్తొలొమే విగ్రహాన్ని పల్లకీలో ఊరేగించి తెచ్చి మైదానంలో దించారు. కాల్చిన గినీపందులు, వేయించిన మొక్కజొన్న, పెద్ద గ్లాసులు. ఎర్మెలిందా మొదటి గ్లాసులో నుంచి నాలుగు చుక్కలు నేలతల్లికి చిలకరించి ఊరికి ఇచ్చింది. చిక్కటి చిచా. నాలుగు బానలు వరుసగా ఖాళీ అవుతున్నాయి.

అయిదో బాన వేరుగా ఉంది. చాలాసేపు ఆలోచించి ఎర్మెలిందా దాన్ని తెల్లగుడ్డ పరిచిన అధికారుల బల్ల దగ్గర పెట్టించింది. అక్కడ సాంస్కృతిక శాఖవాళ్ళు, వాళ్ళ జీపు డ్రైవరు, ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు, డాక్టర్ ఎలియొదోరో కూర్చున్నారు. ఉర్పిమార్కా చిచా ఎలా ఉంటుందో తెలిసిన నిల్దా ఊరివాళ్ళ మధ్య ఉంది, ఈ బల్ల దగ్గర ఒక్కరికీ తెలియదు.

డాక్టరు ఒక గుటక మింగి కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! ఎంత తేలిక! ఎంత సున్నితం! చీకటి లేదు, అంతా వెలుగే. దీన్ని కూడా చదవాలి."

"చదవండి బాబూ, ఇంకో గ్లాసు పోస్తా" అంది ఎర్మెలిందా.

పక్కన జగ్గు పట్టుకుని నిలబడిన బసీలియా, ఎవరూ చూడకుండా అడుగు మిగిలింది నోట్లో పోసుకుంది. చిలక ముక్కు ఒకసారి అదిరింది. ఎర్మెలిందా చెవి దగ్గరికి వంగింది.

"కొమాద్రే, ఇవి కాలవ నీళ్ళు."

ఎర్మెలిందా టోపీ కిందికి లాక్కుంది.

"ఎన్ని కడవలు?"

"రెండు" అంది ఎర్మెలిందా, పెదవులు కదపకుండా.

బసీలియా మైదానం వైపు చూసింది. తాగేవాళ్ళు తాగుతున్నారు, ఆడేవాళ్ళు ఆడుతున్నారు. "సిగ్గు లేదూ? నాలుగు అడుగులు వేస్తే మా ఊట ఉంది. వచ్చే ఏడు తక్కువ పడితే నన్ను పిలు. ఎవరికీ తెలియదు."

"ఎంత తెస్తావ్?"

"ఒకటి చాలు. నీది మరీ పలచనైంది."

ఎర్మెలిందా కూజా వంచి పట్టుకుంది, బసీలియా నీళ్ళ చెంబు పైకెత్తింది, అంటుకున్న నురుగు కడగడానికి. రెండు తలలూ దగ్గరగా వంగి ఉన్నాయి. వాళ్ళ నెత్తి పైన గడకు కట్టిన ఎర్రగుడ్డ గాలికి ఎగురుతోంది. నాలుగు అడుగుల దూరంలో డాక్టరు పెద్దమనుషులకు ఏటవాలు గీత గురించి వివరిస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

పలక నవంబరులో వచ్చింది. శాఖలో ఎన్ని బల్లలు దాటిందో గానీ, డాక్టరు రాసి పంపిన మూడు పేజీల్లో నాలుగు ముక్కలు మిగిలాయి. తుది తీర్పు. నూనె రంగులు. చిత్రకారుడు ఎవరో తెలియదు. దయచేసి ముట్టుకోకండి.